ఆడపిల్ల బంతి దూరం పోదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: మగపిల్లలు పుట్టుకతోనే దూకుడు, ఆడపిల్లలు నెమ్మది.

2000లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 11 నెలల పసివాళ్ల తల్లుల్ని అడిగారు: మీ బిడ్డ ఎంత వాలు దాకా పాకి దిగగలదు? ఆడపిల్లల తల్లులు తక్కువ చెప్పారు, మగపిల్లల తల్లులు ఎక్కువ చెప్పారు. తీరా పాకిస్తే ఇద్దరూ సమానమే. విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం కాసేపు కూర్చుంటే ఇదే కనిపిస్తుంది. అల దాకా ఉరికిన పిల్లాణ్ణి "పోనీలే" అంటారు, పిల్లనేమో "గౌను తడుస్తుంది, ఇలా రా" అంటారు.

అపోహ: ఆడపిల్లలకు విసరడం రాదు.

యుక్తవయసుకు ముందు పరుగులో, గెంతులో తేడా స్వల్పం. విసరడంలో మాత్రం బాగా కనిపిస్తుంది. కొంత శరీరానిది కావచ్చు. అలవాటు వాటా తెలియాలంటే, కుడిచేత్తో బాగా విసిరే పిల్లాడి చేత ఎడమచేత్తో విసిరించండి. నడుము తిరగదు, మోచేయి ఒక్కటే కదులుతుంది, విసిరే చేతి వైపు కాలే ముందుకు పడుతుంది. "ఆడపిల్లలా విసిరావు" అని వెక్కిరించేది సరిగ్గా ఆ విసురునే!

నేర్పడానికి టెన్నిస్ బంతి చాలు, ఐదారేళ్ల వాళ్లకైతే మేజోళ్ల ఉండ. కుడిచేతి వాటం పిల్ల ఎడమ భుజం బంతి కొట్టాల్సిన గోడవైపు ఉండేలా పక్కకి తిరిగి నిలబడాలి. మోచేయి భుజం ఎత్తున ఉండాలి. ముందు ఎడమకాలి అడుగు, ఆ వెంటే నడుము, భుజం, చివర చెయ్యి. విసిరాక చెయ్యి ఎడమ మోకాలి దాకా రావాలి. 20 విసుర్లు, వారానికి మూడు రోజులు. మొదట్లో గురి అడగొద్దు, గట్టిగా కొట్టమనండి. గురి అనగానే ఒళ్లు బిగబట్టి మళ్లీ మోచేత్తోనే తోస్తారు. బీచ్‌లో అయితే తడి ఇసుక మీద నిలబెట్టండి, పొడి ఇసుకలో వెనక కాలు జారుతుంది. విసుగొస్తే ఏడుపెంకులాట ఆడించండి, నిజానికి అదే మేలు.

అపోహ: పెద్దమనిషి అయ్యాక ఆటలొద్దు.

కండబలంలో తేడా ఈ వయసులో వచ్చే మాట నిజమే. కానీ ఎముకలు గట్టిపడేదీ ఇప్పుడే. ఒంట్లో బాగుంటే నెలసరిలోనూ ఆడొచ్చు. ఊరికే అలిసిపోతుంటే బద్ధకమని తిట్టకుండా రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకు తక్కువైతే రక్తహీనతే. 2023లో బ్యాంకాక్ ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచిన జ్యోతి యర్రాజీది విశాఖే.

మగపిల్లల తల్లిదండ్రులూ నిశ్చింతగా ఉండక్కర్లేదు. రోజుకు 60 నిమిషాల చురుకైన కదలిక లేనివాళ్లు, ప్రపంచవ్యాప్తంగా 2016 లెక్కల్లో, 11-17 ఏళ్ల ఆడపిల్లల్లో 85 శాతం, మగపిల్లల్లో 78 శాతం.

అపోహ: పిరికితనం స్వభావం.

"జాగ్రత్త, పడిపోతావ్" అంటే పిల్లకి ఏం చెయ్యాలో తెలియదు, భయం మాత్రం తెలుస్తుంది. పార్కులో నిచ్చెన మీదికి మీరు ఎక్కించకండి, తనంతట ఎక్కగలిగినంత ఎత్తే తనది. దించమని ఏడిస్తే వెంటనే ఎత్తుకోకుండా, చేతికందే దూరంలో నిలబడి "ఎడమకాలు ఇంకో మెట్టు కిందకి" అనండి.