బెంగళూరు స్కాన్ లింకుల గొడవకు మూలం 2019లో ఉంది

బెంగళూరులో స్కాన్ లింకుల గొడవ మళ్లీ రేగింది. హిందూపురం, కదిరి, మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ సీటీ, ఎమ్మారై తీయించుకునేవాళ్లకు చాలా సెంటర్లు ఫిల్ముల బదులు ఫోనుకు లింకు పంపుతున్నాయి. గడువు దాటితే ఆ లింకు తెరుచుకోదు. సొంతూరి డాక్టరు బొమ్మలు చూపించమంటే చేతిలో రిపోర్టు కాగితం తప్ప ఏమీ ఉండదు. మళ్లీ తీయించమంటారు. సీటీ అయితే డబ్బుతో పాటు రేడియేషన్ కూడా రెండోసారి.

దూరం నుంచి స్కాన్ చూడటం కొత్తేమీ కాదు. 2000లో చిత్తూరు జిల్లా అరగొండ ఆస్పత్రిని ఉపగ్రహం ద్వారా చెన్నై డాక్టర్లతో కలిపిన కథ మనవాళ్లకు తెలిసిందే. 2002లో బెంగళూరులో మొదలైన టెలిరేడియాలజీ సొల్యూషన్స్, అమెరికాలో రాత్రిపూట తీసిన స్కాన్లను ఇక్కడ పగలు చదివి రిపోర్టులు పంపింది. సముద్రాలు దాటిన బొమ్మ ఇవాళ హిందూపురం దాకా ఎందుకు రాలేకపోతోంది?

2019 సెప్టెంబరులో గ్రీన్‌బోన్ అనే జర్మనీ కంప్యూటర్ భద్రతా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. ప్రపంచమంతటా ఆస్పత్రులు స్కాన్లు దాచే కంప్యూటర్లు (సర్వర్లు) వందల సంఖ్యలో ఇంటర్నెట్‌లో బార్లా తెరిచి ఉన్నాయి. వాటిని హ్యాక్ చేయాల్సిన పనే లేదు, అసలు పాస్‌వర్డే పెట్టలేదు. 2020 ఫిబ్రవరి నాటికి లెక్క తేలింది: మన దేశానివే 12 కోట్లకు పైగా బొమ్మలు. రాష్ట్రాల వరుసలో మహారాష్ట్ర తర్వాత కర్ణాటకే.

దీనికి కారణం పాతది. స్కాన్ ఫైళ్లన్నీ డైకామ్ అనే ప్రమాణంలో ఉంటాయి. 1993 నుంచి అది ఆ పేరుతో నడుస్తోంది. ఒక కంపెనీ మిషన్ తీసిన బొమ్మను మరో కంపెనీ కంప్యూటర్ చదవగలగాలన్నది దాని లక్ష్యం. రోగి పేరు, పుట్టిన తేదీ కూడా బొమ్మ ఉన్న ఫైల్లోనే ఉంటాయి. ఆస్పత్రి లోపలి నెట్‌వర్క్‌లో దానితో ఇబ్బంది రాలేదు. ఇంట్లో కూర్చుని స్కాన్లు చదివే డాక్టరు (రేడియాలజిస్టు) కోసం అదే సర్వర్‌ను తాళం లేకుండా ఇంటర్నెట్‌కు తగిలించడంతోనే ముప్పు వచ్చింది.

ఆ భయంతోనే లింకులకు గడువు పెడుతున్నామని, నిల్వ ఖర్చు కూడా ఎక్కువేనని సెంటర్లు అంటున్నాయి. భద్రత మాట కొట్టిపారేసేది కాదు. అయితే అప్పుడు బయటపడ్డవి సెంటర్ల, ఆస్పత్రుల సొంత సర్వర్లు. రోగుల బీరువాల్లోని ఫిల్ములు, సీడీల వల్ల ఆ నష్టం జరగలేదు.

లింకు పోతుందన్న టెన్షన్‌తో జనం ఫోన్ తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటున్నారు. సీటీ బొమ్మలో నలుపు తెలుపుల మధ్య 4,096 ఛాయల దాకా ఉంటాయి. మామూలు ఫోన్ ఫొటోలో మిగిలేవి 256. ఊపిరితిత్తులను ఒక వెలుతురులో, ఎముకను మరో వెలుతురులో మార్చి మార్చి చూడాల్సిన డాక్టరుకు ఆ ఫొటోలో అలా మార్చే వీలుండదు. వందల స్లైసుల్లో, అంటే పొరపొరగా తీసిన బొమ్మల్లో, చేరేవి నాలుగో ఐదో. చూసి చెప్పలేనని డాక్టరు అంటే తప్పు ఆయనది కాదు.

చట్టం సాయం కొంతవరకే. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు దాచాలి. పొద్దున వచ్చి స్కాన్ తీయించుకుని సాయంత్రం బస్సెక్కేవాళ్లు ఇన్‌పేషెంట్లు కారు. పైగా ఆ నియమావళి డాక్టర్ల కోసం రాసింది, కంపెనీగా నడిచే సెంటరును నేరుగా పట్టుకోదు. 2021లో దేశమంతా మొదలుపెట్టిన 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఆభాతోనూ ఇదే చిక్కు. రికార్డు పుట్టినచోటే ఉంటుంది, నంబరు దానికి దారి మాత్రం చూపిస్తుంది. సెంటరు తుడిచేస్తే ఆ దారిన వెళ్లినా దొరికేదేమీ ఉండదు.

రోగుల తరఫువాళ్లు అడుగుతున్నది చిన్నదే: బిల్లు కట్టిన రోజే డైకామ్ ఫైళ్లన్నీ సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో చేతికివ్వాలి. కౌంటర్లో గట్టిగా అడిగినవాళ్లకు ఇస్తున్న సెంటర్లు ఉన్నాయి. అడక్కపోయినా అందరికీ ఇవ్వాలన్న దగ్గరే ఇప్పుడు పేచీ.