సంతాన చికిత్సలో గుండె ప్రస్తావన ఎందుకు ఆలస్యమైంది?

1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టింది. ఆ కాన్పుకు ముందు తల్లికి అండాలను పెంచే ఇంజెక్షన్లేవీ ఇవ్వలేదు. ఆ నెలలో సహజంగా పక్వమైన ఒకే ఒక్క అండాన్ని తీసి ఫలదీకరించారు. ఐవీఎఫ్‌తో, అంటే అండాన్ని శరీరం వెలుపల ఫలదీకరించే ఈ పద్ధతితో, గుండెకు ముప్పుందా అని ఇప్పుడు అడిగేవారికి ఈ సంగతి ముందుగా చెప్పాలి. ఆ అనుమానానికి మూలం ప్రయోగశాలలో చేసే ఫలదీకరణ కాదు, దానికంటే ముందే వాడుకలోకి వచ్చిన హార్మోన్లు.

నెలసరి ఆగిన స్త్రీల మూత్రంలో అండాశయాన్ని ప్రేరేపించే హార్మోన్లు పుష్కలంగా ఉంటాయి. వాటిని వేరుచేసే పద్ధతిని ఇటలీలో పియెరో డొనీని రూపొందించారు. అందుకు కావలసిన మూత్రాన్ని కాన్వెంట్లలోని వృద్ధ సన్యాసినుల నుంచి సేకరించారు. బ్రూనో లూనెన్‌ఫెల్డ్ ఆ మందుతో చికిత్స చేయగా 1962లో ఇజ్రాయెల్‌లో తొలి బిడ్డ పుట్టింది. 1967లో అండం విడుదలకు తోడ్పడే క్లోమిఫీన్ మాత్రలకు అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఆ దశకంలోనే మరణాలు కూడా నమోదయ్యాయి. అండాశయాలు విపరీతంగా ఉబ్బి, రక్తనాళాల్లోని ద్రవం పొట్టలోకి, ఒక్కోసారి ఛాతీలోకి కారిపోయేది. వైద్యులు ఓహెచ్ఎస్ఎస్ (అండాశయాల అతిప్రేరణ) అని పిలిచే స్థితి ఇదే. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి గడ్డలు కడుతుంది. ఆ గడ్డలు కాళ్లలోనే కాక మెడ, చేతుల సిరల్లో కూడా ఏర్పడటం దీని ప్రత్యేకత. అవి ఊపిరితిత్తులకు చేరితే గుండె కుడి భాగంపై ఒక్కసారిగా భారం పడుతుంది.

ఇంత తెలిసినా 1980లలో ఐవీఎఫ్ ఈ ఇంజెక్షన్ల వైపే మళ్లింది. 1981 డిసెంబరులో అమెరికాలో పుట్టిన తొలి ఐవీఎఫ్ శిశువు ఎలిజబెత్ కార్ అలాంటి చికిత్స ఫలితమే. (కోల్‌కతాలో వైద్యుడు సుభాష్ ముఖర్జీ 1978లోనే ఈ హార్మోన్లనూ, శీతలీకరించిన పిండాన్నీ వాడారు. ఆయనకు గుర్తింపు మరణానంతరం ఎప్పటికో దక్కింది.) ఎక్కువ అండాలు దొరికితే అవకాశాలూ పెరుగుతాయి కాబట్టి ఆ లెక్క తప్పనలేం. కాకపోతే విజయాన్ని బిడ్డతోనే కొలిచారు. తల్లి రక్తనాళాల సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

లెక్క తేలడానికి చాలా కాలం పట్టింది. 2013లో వెలువడిన స్వీడన్ అధ్యయనం ఐవీఎఫ్‌తో గర్భం దాల్చిన 23 వేల మందికి పైగా స్త్రీలను ఇతర గర్భిణులతో పోల్చింది. మొదటి మూడు నెలల్లో సిరల్లో గడ్డలు ఇతరుల్లో వెయ్యికి 0.3 మందికి వస్తే, వీరిలో 1.5 మందికి వచ్చాయి. ముప్పు స్వల్పమే, కానీ తేడా అయిదు రెట్లు.

ఈలోగా వైద్యులు ఓహెచ్ఎస్ఎస్‌ను అదుపు చేసే దారి కనిపెట్టారు. అండం విడుదలకు ఇచ్చే ఇంజెక్షన్‌ను మార్చారు. పిండాలను వెంటనే గర్భాశయంలో పెట్టకుండా శీతలీకరించి, శరీరం కుదుటపడ్డాక పెట్టసాగారు. తీవ్రమైన కేసులు బాగా తగ్గాయి. అయితే ఈ పరిష్కారమే కొత్త ప్రశ్నను తెచ్చింది.

శీతలీకరించిన పిండాన్ని పెట్టేముందు గర్భాశయాన్ని సిద్ధం చేయాలి. అందుకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే స్త్రీ హార్మోన్లను బయటి నుంచి ఇచ్చే పద్ధతి ఉంది. అండాశయాలు పనిచేయని స్త్రీలో దాత అండంతో గర్భం నిలపడానికి ఆస్ట్రేలియాలోని మోనాష్ బృందం ఈ మార్గాన్ని అనుసరించి, 1984లో ఫలితం ప్రకటించింది. అలాంటి స్త్రీలకు మరో దారి లేదు. కానీ తేదీలు ముందే ఖరారు చేసుకునే సౌలభ్యం ఉండటంతో, అండాశయాలు చక్కగా పనిచేసే వారికీ ఇదే వాడుతూ వచ్చారు. ఈ పద్ధతిలో అండం విడుదల కాదు కాబట్టి, విడుదల తర్వాత అండాశయంలో ఏర్పడే కార్పస్ ల్యూటియం అనే గ్రంథి కూడా ఉండదు. అది ప్రొజెస్టిరాన్‌తో పాటు రిలాక్సిన్ అనే హార్మోన్‌నూ స్రవిస్తుంది. 1926లో ఫ్రెడరిక్ హిసా గినీ పందుల కటి కీళ్లను వదులుచేసే పదార్థంగా గుర్తించిన రిలాక్సిన్, రక్తనాళాలను కూడా సడలిస్తుందని తర్వాత తేలింది. గర్భిణి గుండె తొలి వారాల నుంచే ఎక్కువ రక్తాన్ని పంపాలంటే ఆ సడలింపు కావాలి. కార్పస్ ల్యూటియం లేని గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా (గర్భిణులకు రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే స్థితి) ఎక్కువగా ఉందని, గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమని సాగే గుణం తక్కువగా ఉందని 2019లో ఒక అధ్యయనం చూపింది. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. కాబట్టి అవసరం లేనిచోట సౌలభ్యం కోసం ఈ పద్ధతిని ఎంచుకోవడాన్ని సమర్థించడం కష్టం.

అన్నిటికీ మందులనే నిందించడం కూడా సరికాదు. సంతానలేమికి తరచూ కారణమయ్యే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్యలో ఇన్సులిన్ నిరోధకత, అధిక రక్తపోటు ముందే తోడుంటాయి. నలభై ఏళ్లలోపే నెలసరి ఆగిపోవడం కూడా గుండెకు ముప్పే. ఒక ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగానో, కొంతగానో లోపించిన టర్నర్ సిండ్రోమ్ స్త్రీల సంగతి మరీ తీవ్రం. దాత అండాలతో వారికీ గర్భం సాధ్యమయ్యాక, బృహద్ధమని చీలి ప్రాణం పోయే ప్రమాదం 2 శాతం లేదా అంతకు పైనే ఉండవచ్చని 2003లో అమెరికా సర్వే ఒకటి అంచనా వేసింది. చికిత్సకు ముందు ఎకో వంటి గుండె పరీక్షలు చాలామందికి జరగనే లేదని కూడా ఆ సర్వేలోనే బయటపడింది. గర్భం ధరించడమే ప్రమాదకరమైన తీవ్ర గుండె జబ్బులున్నవారికి అండాశయ ప్రేరణ వద్దని, గుండె జబ్బున్న ఏ స్త్రీకైనా ఒక్క పిండాన్నే పెట్టాలని యూరోపియన్ గుండె వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాల్లో సూచించింది.

దీర్ఘకాలిక ప్రభావంపై కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన ఫలితాలు ఆసక్తికరం. చికిత్సతో బిడ్డను కన్నవారిలో గుండె జబ్బులు పెరగలేదని 2013లో తేలింది. 28,442 మందిపై 2017లో వచ్చిన మరో అధ్యయనంలో, చికిత్స తీసుకున్నా బిడ్డ పుట్టని వారిలో గుండె, రక్తనాళాల సమస్యలు 21 శాతం ఎక్కువగా కనిపించాయి. దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. పదేపదే తీసుకున్న మందులు కారణం కావచ్చు. లేదా గర్భం నిలవనీయని లోపమే గుండెనూ దెబ్బతీస్తూ ఉండవచ్చు. నాకు రెండో వివరణే బలంగా తోస్తుంది. 1980లలో ఈ చికిత్స తీసుకున్న తొలి తరం స్త్రీలు గుండె జబ్బులు ఎక్కువగా బయటపడే వయసుకు ఇప్పుడే చేరుతున్నారు. వారి పాత చికిత్స వివరాలు సంతాన కేంద్రాల్లో ఉంటాయి, గుండె వివరాలు వేరే ఆసుపత్రుల్లో. ఆ రెండింటినీ జతచేయగలిగిన స్వీడన్, ఒంటారియోల నుంచే స్పష్టమైన అంకెలు రావడం యాదృచ్ఛికం కాదు.