జీతం ఎప్పుడు అడగాలి, ఉద్యోగం ఎప్పుడు మారాలి: కొన్ని అపోహలు, వాస్తవాలు

హెచ్‌ఆర్‌లో ఏటా జీతాల పెంపు లెక్కలు చూసే పని నాది. చేరి రెండు మూడేళ్లయినవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: జీతం పెంచమని అడగాల్సింది అప్రైజల్ (ఏడాది పనితీరు సమీక్ష) మీటింగ్‌లోనే.

వాస్తవం: చాలాచోట్ల అప్పటికే ఆలస్యమైపోతుంది. ముందు ఒక్కో టీమ్‌కు ఇంత అని బడ్జెట్ వస్తుంది. మేనేజర్ దాన్ని పంచి, పైవాళ్ల చేత ఓకే చేయించుకుంటారు. మీటింగ్‌లో మీరు వినేది ఆ పంపకం ఫలితమే. ఆ తర్వాత మీకు ఇంకాస్త ఇవ్వాలంటే ఇంకొకరి వాటా కోయాలి. మేనేజర్‌కు మనసున్నా చేతిలో ఏమీ ఉండదు. అందుకే రెండు మూడు నెలల ముందే అడగండి. చేరినప్పుడు ఏ పని ఇచ్చారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అన్నది అరపేజీలో రాసిస్తే ఇంకా మంచిది. పైన మీ తరఫున మాట్లాడాల్సింది మేనేజరే కదా, చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. ఇంటి అద్దె, అప్పులు అందులో రాయొద్దు. అవి నిజమైన కష్టాలే, కానీ బడ్జెట్ దగ్గర పనికిరావు.

అపోహ: బయటి ఆఫర్ చూపిస్తే దిగొస్తారు.

వాస్తవం: కొన్నిసార్లు దిగొస్తారు. "సరే, వెళ్లండి" అని కూడా అంటారు. అది విని బిక్కమొహం వేసినవాళ్లను చూశాను. నిజంగా వెళ్లడానికి సిద్ధపడితేనే చూపించండి.

అపోహ: ఏడాదిలోపు మారితే కెరీర్ పాడవుతుంది.

వాస్తవం: ఒక్కసారైతే, కారణం సూటిగా చెబితే చాలు. వరసగా మూడుసార్లైతే మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతారు. నేనైతే రెజ్యూమేలో నెలలు లెక్కపెట్టను, మొదలుపెట్టిన పని ఏదైనా చివరిదాకా చేశారా అని చూస్తాను. ఏడాదిగా కొత్తగా నేర్చుకున్నదేమీ లేక, అడిగినా పని మార్చకపోతే, వెళ్లడానికి జీతం కన్నా అదే పెద్ద కారణం.

అపోహ: 30 శాతం హైక్ అంటే చేతికి 30 శాతం ఎక్కువ.

వాస్తవం: పాత జీతం 100, అంతా ఫిక్స్‌డ్ అనుకోండి. కొత్తది 130, అందులో 20 వేరియబుల్, అంటే పనితీరును బట్టి వచ్చేది, పూర్తిగా రాకపోవచ్చు కూడా. ఖాయంగా పెరిగింది 10 శాతమే. జాయినింగ్ బోనస్ ఇస్తే, ఎన్నాళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలో చదవండి. ఇవన్నీ రాసి ఉన్న ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా రాజీనామా పెట్టకండి. ఫోన్‌లో ఎంత తీయగా చెప్పినా సరే.