బూట్ అయితే సరిగ్గా రాసినట్టేనా? సీపీయూ నిద్ర మీద అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది మూడో ఫోన్. ఈసారి కడప నుంచి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ పిల్లోడు. “అన్నా, బోర్డు నిద్ర పోతాంది గానీ మళ్లీ లేస్తాలేదు.” డివైస్ ట్రీలో (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో లైనక్స్ కెర్నెల్‌కు చెప్పే ఫైలు) ఐడిల్ స్టేట్స్ (పని లేనప్పుడు సీపీయూ కోర్ పోయే నిద్ర స్థాయిలు) ఎట్లా రాసినావు అంటే కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత నెమ్మదిగా, “వేరే బోర్డు ఫైల్లోంచి తీసి పెట్టినా. బూట్ అయింది కదన్నా!”

అపోహ: డివైస్ ట్రీలో ఎట్లా రాస్తే హార్డ్‌వేర్ అట్లా నడుస్తుంది. బూట్ అయిందంటే రాసింది కరెక్టే.

వాస్తవం: డివైస్ ట్రీ అడంగల్ లాంటిది. అడంగల్లో మాగాణి అని రాయించుకుంటే మెట్టచేనుకు నీళ్లు రావు, ఆ కాగితం నమ్మి అప్పిచ్చినవాడు మునుగుతాడు, అంతే. ఇక్కడ మునిగేది కెర్నెల్. కోర్‌ను నిజంగా పడుకోబెట్టేది ఫర్మ్‌వేర్ (కెర్నెల్ కింద, చిప్‌ను అంటిపెట్టుకుని నడిచే కోడ్), కెర్నెల్ పీఎస్‌సీఐ కాల్ (ఆర్మ్ చిప్‌లలో ఫర్మ్‌వేర్‌ను అడిగే పద్ధతి) చేసి అడుగుతుంది. ఆ నిద్రలోకి పోవడానికి ఎన్ని మైక్రోసెకన్లు, లేవడానికి ఎన్ని, కనీసం ఎంతసేపు పడుకుంటే గిట్టుబాటు అవుతుంది అన్నది మాత్రం మనం రాసిన ఎంట్రీ లేటెన్సీ, ఎగ్జిట్ లేటెన్సీ, మిన్ రెసిడెన్సీ చూసే దానికి తెలుస్తుంది. నిజమా అబద్ధమా అని తనిఖీ చేయదు. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణకని 250, 500, 950 అని ఉంటే అవే అంకెలు ఎత్తి పెట్టుకున్నవాళ్లను చూశాను. అవి మీ చిప్ అంకెలు కావు. గిట్టుబాటు సమయం తక్కువ రాస్తే కోర్ కునుకు తీయాల్సిన చోట గాఢనిద్రలోకి పోయి, పడుకుని లేవడానికే ఎక్కువ కరెంటు తింటుంది. ఎక్కువ రాస్తే ఆ గాఢనిద్రలోకి అసలు పోనే పోదు.

నేను తెలివైనవాడినని చెప్పడం లేదు, ఇదే తప్పు నేనూ చేశాను. తాడిపత్రి దగ్గర ఒక చీనీ తోటలో డ్రిప్ వాల్వులు తిప్పే కంట్రోలర్ పెట్టాం, సింగిల్ కోర్ బోర్డు, సోలార్, బ్యాటరీ. తెల్లారి నాలుగింటికి వాల్వు తెరుచుకోవాలి. ఒకరోజు తెరుచుకుంటుంది, రెండు రోజులు తెరుచుకోదు. తోట పెద్దాయన ఫోన్ చేసి “సామీ, నీ డబ్బా కంటే మా జీతగాడు నయం” అన్నాడు, ఆయన అనడంలో తప్పేం లేదు. నేను పోయి సీరియల్ కేబుల్ పెట్టి ఎంటర్ కొడితే చక్కగా నడుస్తుంది. రెండు వారాలు అప్లికేషన్ కోడ్‌నే తిట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం, కీ నొక్కకుండా ఊరికే స్క్రీన్ చూస్తూ కూర్చుంటే అర్థమైంది: నేను ఎంటర్ కొట్టినందుకే అది లేస్తోంది. సీరియల్ ఇంటరప్ట్ వచ్చి లేపుతోంది, టైమర్ లేపడం లేదు. నేను కాపీ కొట్టిన బోర్డులో ఆ స్టేట్‌లో కోర్ టైమర్ బతికే ఉంటుంది, నా చిప్‌లో పవర్‌తో పాటు టైమర్ కూడా పోతుంది. లోకల్-టైమర్-స్టాప్ అనే ఒక్క లైను రాయాలి, రాయలేదు. అది రాస్తే కెర్నెల్ పడుకునే ముందు లేపే పని బయటి టైమర్‌కు అప్పజెప్తుంది (డివైస్ ట్రీలో ఆ బయటి టైమర్‌కు నోడ్, అంటే దాని వివరాల పద్దు, కూడా ఉండాలి, మళ్లీ దానికోసం ఫోన్ చేయొద్దు).

“బోర్డు కాలిపోతుందేమో సార్” అని భయపడేవాళ్లకు: ఐడిల్ అంకెలు తప్పయితే బోర్డు వేలాడుతుంది (హ్యాంగ్ అవుతుంది), బ్యాటరీ తింటుంది, కాలదు. పాత డీటీబీ (కంపైల్ చేసిన డివైస్ ట్రీ ఫైలు) పక్కన దాచుకుని ఆడుకోండి, టెన్షన్ వద్దు. అనుమానం ఉన్న స్టేట్‌ను సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన సెట్టింగులు ఫైళ్లలా చూపించే /sys ఫోల్డర్) సీపీయూఐడిల్ కింద డిజేబుల్ ఫైల్లో 1 రాసి ఆపండి. వేలాడటం ఆగితే దొంగ అక్కడే ఉన్నాడు. భయపడాల్సింది ఓపీపీ టేబుల్లో (ఏ వేగానికి ఎంత వోల్టేజ్ అని రాసే పట్టిక) వోల్టేజ్ దగ్గర. ఆ అంకె సోకు కోసం తగ్గిస్తే క్రాష్, పెంచితే వేడి, అదీ అనంతపురం ఎండల్లో.

సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ డిజేబుల్ ఫైలు పక్కనే అబవ్, బిలో అని రెండు కౌంటర్లు ఉంటాయి, పడుకున్న సమయం ఆ స్టేట్‌కు చాలలేదా, ఇంకా లోతుకు పోవాల్సిందా అని చెప్తాయి. చాలామంది ఇవి చూసి “అంతా బాగుంది” అంటారు. అవి లెక్కేసేది కూడా మీరు రాసిన గిట్టుబాటు సమయంతోనే! కాబట్టి కొలవాల్సిందే. టైమర్‌తో కోర్‌ను ఒక్కో వ్యవధికి లేపుతూ, ఆ స్టేట్ ఉన్నప్పుడూ ఆపినప్పుడూ సగటు కరెంటు చూడండి. రెండూ సమానమైన వ్యవధే మీ మిన్ రెసిడెన్సీ.

మిగతావి గబగబా. ఆర్మ్‌లో డబ్ల్యూఎఫ్ఐని (ఇంటరప్ట్ వచ్చేదాకా కోర్‌ను ఆగమనే ఆదేశం, అన్నిటికంటే తేలిక కునుకు) కూడా ఐడిల్ స్టేట్‌గా రాయాలంటారు, రాయకూడదు, అది ఎట్లాగూ ఉంటుంది. పవర్‌సేవ్ గవర్నర్ (సీపీయూను ఎప్పుడూ తక్కువ వేగంలో నడిపే సెట్టింగు) పెడితే బ్యాటరీ ఎక్కువ వస్తుందంటారు, అన్నిసార్లూ రాదు, పని తొందరగా ముగించి పడుకోవడమే చవకైన సందర్భాలు బోలెడు. ఎక్స్86లో ఈ గొడవే లేదంటారు, ఉంది, అక్కడ ఏసీపీఐ టేబుళ్లలోనో (బయోస్ కెర్నెల్‌కు ఇచ్చే హార్డ్‌వేర్ వివరాలు) డ్రైవర్‌లోనో ఇంకొకరు రాసిపెట్టారు.

కడప పిల్లోడు ఆ స్టేట్ డిజేబుల్ చేస్తే బోర్డు ఆగకుండా నడిచిందట. రివ్యూ సోమవారం. కొలవడం ఇంకా మొదలుపెట్టలేదు, మల్టీమీటర్ సీనియర్ ఊరికి పట్టుకుపోయాడట.