గుండె మాత్రలు దాచకండి: స్వాబ్ తనిఖీపై అపోహలు - వాస్తవాలు

విమానాశ్రయ భద్రతా తనిఖీలో ప్రయాణికుల చేతులకు, సంచులకు స్వాబ్ పట్టీ, అంటే రేణువులను అంటించుకునే చిన్న పట్టీ, రుద్ది పేలుడు పదార్థాల జాడ పసిగట్టే యంత్రంలో పెట్టే పని నాది. కొత్తగా చేరినవాళ్లకు ఆ పని నేర్పేదీ నేనే. పట్టీ చేతిలోకి తీసుకోగానే ఎదుటి మనిషి ముఖం వాడిపోవడం రోజూ చూస్తాను. ఆ భయం మీద నాకు కోపం లేదు. దాన్ని పెంచి పోషించే ఫోను సందేశాలను చూస్తేనే ఒళ్లు మండుతుంది. గుండె మాత్రలు వెంట ఉంటే బాంబు యంత్రం పట్టేస్తుందని, నేరుగా జైలుకేనని ఒక సందేశం ఈ మధ్య మళ్లీ తిరుగుతోంది.

అపోహ: యంత్రం మోగిందంటే పేలుడు పదార్థం దొరికినట్టే.

కాదు. పట్టీకి అంటిన రేణువులను యంత్రం బాగా వేడిచేసి ఆవిరి చేస్తుంది. ఆ అణువులకు విద్యుదావేశం ఇచ్చి ఒక గొట్టంలో పరుగెత్తిస్తుంది. ఏది ఎంతసేపటికి అవతలి చివరకు చేరిందో చూసి తన జాబితాతో పోల్చుకుంటుంది. ఇదంతా కొద్ది సెకన్ల పని. నానోగ్రాముల్లో ఉన్న జాడను కూడా వదలదు. కానీ దానికి తెలిసేది జాబితాలోని ఫలానా పదార్థంలా ఉందన్నంత వరకే. అది చేతికి ఎలా అంటింది, ఎందుకు అంటింది అన్న సంగతి దానికి తెలియదు. తెలుసుకోవలసింది మేము. అందుకే ప్రశ్నలు అడుగుతాం, మరోసారి పట్టీ రుద్దుతాం, సంచి తెరిచి చూస్తాం.

ఇక మాత్రల సంగతి. నాలుక కింద పెట్టుకునే ఆ చిన్న మాత్రలో ఉండేది నైట్రోగ్లిజరిన్. డైనమైట్‌లో ఉన్నదీ అదే, దాచవలసిన రహస్యమేమీ కాదు. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంట్లు పొందాడు. 1879లో విలియం మురెల్ అనే వైద్యుడు అదే పదార్థం గుండెనొప్పికి పనిచేస్తుందని రాశాడు. చివరి దశలో నోబెల్‌కే వైద్యులు దాన్ని మందుగా రాసిచ్చారు. ఒక మాత్రలో అర మిల్లీగ్రాము మందు ఉందనుకోండి, అంటే 5 లక్షల నానోగ్రాములు. మాత్ర తీసిన వేలికి అందులో ఏ కాస్త అంటినా యంత్రం మోగవచ్చు. అదే అర మిల్లీగ్రాము పూర్తిగా పిండిలో కలిసి ఉంటుంది కనుక అది పేలే ప్రసక్తే లేదు. యంత్రం మోగితే అందులో మీ తప్పు లేదు, యంత్రం తప్పూ లేదు.

ఒక పెద్దాయన గుర్తొస్తున్నారు. చేతులకు పట్టీ రుద్దగానే యంత్రం మోగింది. "మందులేమైనా వాడుతున్నారా అండీ?" అని అడిగాను. లేదన్నారు. పక్కనున్న కొడుకు కూడా లేదన్నాడు. మళ్లీ రుద్దితే మళ్లీ మోగింది. సంచి తెరిచి వస్తువులన్నీ ఒక్కొక్కటిగా తీస్తుంటే కళ్లజోడు పెట్టెలో కాగితం పొట్లం బయటపడింది. లోపల మాత్రలు. అప్పటికే ఆయన నుదుటి మీద చెమట పట్టింది, ఒక చేత్తో ఛాతీ పట్టుకున్నారు. "గుండెకు వేసుకునేవి బాబూ, కనబడితే పట్టుకుపోతారని సీసా ఇంట్లో పెట్టి వచ్చాం" అన్నారు. ముందే ఆ మాట చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో పంపేసేవాళ్లం. మాత్ర వేసుకున్నారు, వైద్యుణ్ణి పిలిపించాం, ఆయన కోలుకున్నారు. విమానం మాత్రం వెళ్లిపోయింది. ఆ సందేశం పంపినవాడికి ఇవేవీ తెలియవు, ఇంకో పదిమందికి పంపే పనిలో ఉంటాడు.

సీసా వదిలేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలి. నైట్రోగ్లిజరిన్ మాత్రలు గాజు సీసాలోనే, మూత బిగించి ఉంచాలి. కాగితంలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పోస్తే మందు ఆవిరై బలం తగ్గుతుంది. మరికొందరు వాటిని సామాన్ల పెట్టెలో పెట్టి పంపేస్తారు. నొప్పి వచ్చేది మీకు సీట్లో, మాత్ర ఉండేది విమానం అడుగున. ఛాతీ మీది మందు పట్టీని తనిఖీకి ముందు పీకేసి వచ్చినవాళ్లనూ చూశాను. దయచేసి ఆ పని చేయకండి. వైద్యుడు రాసిన చీటీ, పేరున్న సీసా చేతి సంచిలో ఉంచుకోండి. అడగకముందే "గుండె మందు వాడుతున్నాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మా పని సగం తగ్గుతుంది.

అపోహ: నన్ను ఎంచుకున్నారంటే నా మీద అనుమానం ఉన్నట్టే.

యాదృచ్ఛిక తనిఖీలో వంతు ఎవరికి వస్తుందో మేము ముఖం చూసి తేల్చం. ఎవరికి వస్తుందో ముందే తెలిసిపోతే ఆ తనిఖీకి విలువే లేదు. 2009 డిసెంబర్ 25న ఒక ప్రయాణికుడు లోదుస్తుల్లో పీఈటీఎన్ అనే పేలుడు పదార్థం దాచుకొని అమెరికా వెళ్లే విమానం ఎక్కాడు. అతణ్ణి లోహ శోధక ద్వారం ఆపలేదు. 2010లో అమెరికాలో చేతులకు స్వాబ్ తనిఖీలు విస్తరించింది అందువల్లే. వరుసగా రెండు ప్రయాణాల్లో మీకే వంతు వచ్చిందా? యాదృచ్ఛికం అంటే అలా కూడా రావడమే.

అపోహ: తనిఖీకి ముందు చేతులు బాగా తోముకుంటే చాలు.

సబ్బుల్లోనూ చేతి క్రీముల్లోనూ గ్లిజరిన్ ఉంటుంది, దానివల్ల కూడా యంత్రం ఒక్కోసారి మోగుతుంది. పైగా రేణువులు సంచి పిడికి, జిప్పుకు, బూట్లకు అంటుకొనే ఉంటాయి, వాటినేం చేస్తారు? ఎరువులు చల్లినా, బాణసంచా పట్టుకున్నా, తుపాకీ సాధన చేసి వచ్చినా అడిగినప్పుడు ఉన్నమాట చెప్పేయండి.

అపోహ: ముందువాళ్ల మురికి నా మీద పడుతుంది.

మోగిన పట్టీని మళ్లీ వాడం. యంత్రం లోపల శుభ్రపడిందని తేలేదాకా తర్వాతి నమూనా పెట్టం.

రేడియేషన్ అని, వేలిముద్రలు తీసుకుంటారని, డీఎన్‌ఏ దాచుకుంటారని కూడా అడుగుతుంటారు. వేలిముద్రలూ లేవు, డీఎన్‌ఏ లేదు. కొన్ని యంత్రాల లోపల నికెల్-63 అనే రేడియోధార్మిక పదార్థం సీలు చేసి ఉంటుంది. దాని కిరణాలు గాలిలో కొద్ది సెంటీమీటర్లు కూడా దాటలేవు. అది యంత్రంలో ఉంటుంది, మీ చేతికి తగిలేది వట్టి పట్టీ.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు మాత్రం ప్రతిసారీ తమకే ఎందుకని నొచ్చుకుంటారు. లోహ శోధక ద్వారంలోంచి కుర్చీ వెళ్లలేదు కనుక స్వాబ్ తప్పదు. అది యాదృచ్ఛిక తనిఖీ కాదు. పొలం గట్టు మీద తిరిగిన చక్రానికి ఎరువు అంటి మోగితే కంగారు పడకండి. నిలబడలేకపోతే ఆ మాట చెప్పండి, కూర్చోబెట్టే చూస్తాం. అందరి ముందూ ఇబ్బందిగా ఉంటే పక్క గదిలో చూడమని అడగండి. అలా అడిగినందుకు మీ మీద అనుమానం పెరగదు.