ఉద్దానం గొడవ గిరిసోల దాకా ఎందుకొచ్చింది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మళ్ళీ మాటలు లేచాయి, ఈసారి ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గిరిసోల, చికిటి, బరంపురం వైపు మన తెలుగోళ్ళలో కూడా. ఉద్దానంలోని కవిటి, సోంపేట ఊళ్ళని ఈ జబ్బు పీడిస్తున్న కథ తెలీనోళ్ళెవరూ లేరు కాబట్టి అది వదిలేస్తున్నా. నా లెక్కలో అసలు మలుపు 2019లో వచ్చిన సర్వే.

డాక్టర్ తాతపూడి రవిరాజు టీం ఉద్దానం ఏడు మండలాల్లో చేసింది అది. పరీక్ష చేసిన పెద్దోళ్ళలో దాదాపు 18 శాతం మందికి కిడ్నీ దెబ్బతిని ఉంది, అందులో ముప్పావు వంతు మందికి షుగరుతోనో పాత బీపీతోనో సంబంధం లేదు. ఇదే అందరూ దాటేసే ముక్క. ఈ జబ్బు రక్తం వడకట్టే జల్లెడ కంటే దాని వెనకాల ఉండే సన్నటి గొట్టాల్ని, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని ముందు తింటుంది, అందుకే మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్ళు వాయవు, మనిషి జీడితోటలో పనికి పోతూనే ఉంటాడు. వాంతులూ ఆయాసమూ మొదలయ్యేసరికి మిగిలేది చాలా తక్కువ. బీపీ, షుగరు చూసి పంపేసే క్యాంపుకి ఇది దొరకదండీ. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) చూడాలి, అదీ సగం పని పోయేదాకా నార్మల్‌గానే కనిపించొచ్చు కాబట్టి వయసుతో కలిపి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంచనా) లెక్క కట్టాలి, అది మూడు నెలలకి పైగా 60 కంటే తక్కువుంటే దీర్ఘకాలిక జబ్బే.

నీళ్ళే కారణం అనేవాళ్ళూ ఉన్నారు, 2023 డిసెంబర్లో హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్ల నీటి పథకం మొదలైంది, మంచిదే. కానీ సిలికా, లోహాలు, ఎండలో నీళ్ళు తాగకుండా పని, ఒళ్ళునొప్పులకి మింగే డైక్లోఫెనాక్, వంశం, అన్నీ అనుమానాలే, ఒక్కటీ రుజువు కాలేదు. శ్రీలంకలో, ఎల్ సాల్వడార్‌లో పొలం కూలీలకీ ఇలాంటిదే వస్తోంది మరి.

ఇక ఆంధ్రా-ఒడిశా బోర్డర్. 1936 ఏప్రిల్ 1న గీసిన గీత అది, చుట్టరికాలు మాత్రం రెండు పక్కలా అలాగే ఉన్నాయి. సర్వే ఆ ఏడు మండలాల దగ్గరే ఆగింది, 2019లో 10,000 చేసిన డయాలసిస్ పెన్షనూ ఆంధ్రా అడ్రస్ ఉన్నోళ్ళకే. అక్క కవిటిలో, చెల్లి చికిటిలో ఉంటే ఒకరు లెక్కలో ఉన్నారు, ఇంకొకరు లేరు. జబ్బు గీత దగ్గర ఆగిందో లేదో ఇటు ఒడిశా వైపు రక్తం తీసి చూస్తేనే కదా తెలిసేది. డయాలసిస్ మిషన్లు ఎన్ని కావాలన్న లెక్క ఆ తర్వాత సంగతి.