తక్కువ బడ్జెట్‌లో డీఎస్‌ఎల్‌ఆర్, లెన్సులు: నేను రోజూ వినే అపోహలు

"అన్నా, నలభై వేలున్నాయి. ఏ కెమెరా కొనమంటావ్?"

కాకినాడలో పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తున్నాను. వారానికి ఒక్కరైనా ఈ మాట అడుగుతారు. డిగ్రీ చదివే కుర్రాళ్లు, కొత్తగా స్టూడియో పెడదామనుకునేవాళ్లు, పాప పుట్టింది, ఫోన్ ఫొటోలు చాలట్లేదనే దంపతులు. అందరినీ నేను ముందు అడిగేది ఒకటే: ఏం తీస్తావు? దానికి జవాబు లేకుండా షాపుకి వెళ్తే, ఆరోజు వాళ్ల దగ్గర ఏ స్టాకు మిగిలితే అదే మన చేతికొస్తుంది. ఆ నలభై వేలు చాలామంది నెలల తరబడి దాచుకున్న డబ్బు. అది పనికిరాని చోటికి పోతుంటే చూడలేక, డీఎస్‌ఎల్‌ఆర్‌ల గురించి (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరాలు) ఇది రాస్తున్నాను.

అపోహ: డబ్బంతా బాడీకి (లెన్స్ కాకుండా ఉత్త కెమెరాకి) పెట్టాలి, లెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ముప్పై ఎనిమిది వేలు బాడీకి పోసి, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తోనే మూడేళ్లు నెట్టుకొస్తారు. (ఈ అంకెలు ఫోకల్ లెంగ్త్, ఎంఎంలలో. అంకె పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది.) పగటిపూట ఆ లెన్స్‌కి వంక పెట్టక్కర్లేదు. కష్టమంతా రాత్రి.

అర్ధరాత్రి దాటాక ముహూర్తం అనుకోండి. అడ్డుతెర పట్టుకున్నారు, జీలకర్ర బెల్లం పెట్టబోతున్నారు. వీడియోవాళ్ల లైటు అవతలి వైపు ఉంది. కిట్ లెన్స్‌ని 55కి జూమ్ చేస్తే ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) 5.6 కన్నా తెరుచుకోదు. అదే చోట 50 ఎంఎం 1.8 లెన్స్ ఉంటే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికొస్తుంది. లెక్క సులువే: 5.6ని 1.8తో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే హెచ్చవేస్తే 9.7. అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 పెట్టాల్సిన చోట ఇక్కడ 640 సరిపోతుంది. 6400లో పెళ్లికూతురి చీర జరీ మీద ఇసుక చల్లినట్టుంటుంది. 640లో పోగు పోగూ తెలుస్తుంది.

అయితే 1.8లో ఫోకస్ చాలా పలుచగా ఉంటుంది. దగ్గరగా తీస్తే కన్ను స్పష్టంగా వచ్చి చెవి మసకబారుతుంది. వధూవరులిద్దరూ ఫ్రేములో ఉంటే నేను 2.8కి తెస్తాను. అప్పుడు కూడా కిట్ లెన్స్ కన్నా నాలుగు రెట్ల వెలుతురు ఉంటుంది.

ఇంకో సంగతి. చిన్న సెన్సర్ (లోపల ఫొటోని పట్టే చిప్) ఉన్న బాడీ మీద 50 లెన్స్ కెనాన్‌లో 80లా, నికాన్‌లో 75లా చూస్తుంది. రెండు గదుల ఇంట్లో పాప ఫొటోలు తీయాలంటే గోడకి ఆనుకుని నిలబడాల్సి వస్తుంది. ఇంట్లో తీసేవాళ్లకి నికాన్ 35 ఎంఎం 1.8 డీఎక్స్ (చిన్న సెన్సర్‌కి చేసిన) లెన్సో, కెనాన్ 24 ఎంఎం 2.8 పల్చటి లెన్సో నయం.

నా లెక్క అడిగితే బాడీకి సగానికి మించి పెట్టొద్దంటాను. మిగతా సగంలో ఒక ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది), ఒక ఫ్లాష్, స్పేర్ బ్యాటరీ, మంచి మెమరీ కార్డు రావాలి.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎంత ఎక్కువుంటే ఫొటో అంత బాగుంటుంది

24 మెగాపిక్సెల్స్ అంటే 6000×4000 చుక్కలు. ఇంట్లో 4కే టీవీ ఉందా? దాని తెర మొత్తం కలిపినా సుమారు 8.3 మెగాపిక్సెల్సే. మేం వేసే 12×36 ఆల్బమ్ షీటులో సగం, అంటే 12×18 అంగుళాలు, ఒకే ఫొటోతో నింపి అంగుళానికి 200 చుక్కల చొప్పున ప్రింటు వేసినా 8.6 చాలు. నికాన్ 2007లో తెచ్చిన డి3 కెమెరా 12.1 మెగాపిక్సెల్స్. ప్రెస్ ఫొటోగ్రాఫర్లు దాన్ని ఆటల మైదానాల్లో ఏళ్ల తరబడి వాడారు. పైగా 12 నుంచి 24కి వెళ్తే ఫొటో వెడల్పు రెట్టింపు అవుతుందనుకుంటారు. పెరిగేది 1.4 రెట్లే. పాత 18 మెగాపిక్సెల్ బాడీ తక్కువకి దొరికితే సంతోషంగా తీసుకోండి.

అపోహ: ఫుల్ ఫ్రేమ్ లేకపోతే ప్రొఫెషనల్ కాదు

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. కెనాన్ చిన్న సెన్సర్ సుమారు 22×15. వైశాల్యంలో రెండున్నర రెట్ల తేడా. చీకట్లో ఆ తేడా కనిపిస్తుంది, కాదనను. కానీ దానికి తగ్గ లెన్సులు కొనాలి కదా. ఒక కుర్రాడు అప్పు చేసి పాత ఫుల్ ఫ్రేమ్ బాడీ కొన్నాడు. ఇంట్లో ఉన్న కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ దానికి ఎక్కలేదు. ఆ రకం చిన్న సెన్సర్ బాడీలకి మాత్రమే ఎక్కుతుంది. రెండు నెలలు ఆ బాడీ బ్యాగులోనే ఉంది.

కోరింగ మడ అడవుల్లో పక్షులు తీసేవాళ్లకైతే చిన్న సెన్సరే వరం. మామూలు 55-250 లెన్స్ కెనాన్ చిన్న సెన్సర్ మీద 400 దాకా లాగినట్టు చూపిస్తుంది. చెక్కబాట మీద నిలబడి, పాయకి అవతల కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్టని దాంతో తృప్తిగా తీయొచ్చు. ఫుల్ ఫ్రేమ్ మీద అదే పిట్ట అంత పెద్దగా రావాలంటే లెన్స్ ఖర్చు ఎన్ని రెట్లవుతుందో షాపులో అడిగి చూడండి.

అపోహ: మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) ఒకటే అయితే ఏ లెన్సైనా ఏ బాడీకైనా పనిచేస్తుంది

లెన్స్ తగులుకుంటుంది. ఆటోఫోకస్ తిరుగుతుందా లేదా అన్నది వేరే సంగతి.

నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది. పాత ఏఎఫ్-డి లెన్సుల్లో ఫోకస్ మోటార్ ఉండదు, బాడీలోని మోటారే వాటిని తిప్పాలి. డి3000, డి5000 వరుసల్లో వచ్చిన చవక బాడీల్లో ఆ మోటార్ లేదు. డి7000 వరుసలో ఉంది. సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం 1.8డి చౌకగా దొరికిందని కొని, డి5300కి తగిలించి "కెమెరా పాడైందన్నా, ఫోకస్ తిరగట్లేదు" అని పరిగెత్తుకొచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఏదీ పాడవదు. చేత్తో తిప్పుకోవాలి, అంతే. కానీ ఆడుకునే పిల్లని చేత్తో ఫోకస్ చేయడం కొత్తవాళ్లకి నరకం. అందుకే లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ (లోపలే మోటార్ ఉన్న రకం) అని ఉందో లేదో చూసుకోండి. ఏఎఫ్-పి అని ఉన్నవి ఇంకా కొత్త రకం. అవి డి3200, డి5100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ కావు.

కెనాన్‌లో ఈ తలనొప్పి తక్కువ. 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడే మోటార్‌ని లెన్స్‌లో పెట్టారు. ఆనాటి ఈఎఫ్ లెన్సైనా నేటి కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద ఆటోఫోకస్ అవుతుంది. సిగ్మా, టామ్రాన్, టోకినా లెన్సులు కొనేటప్పుడు మాత్రం మీ బాడీకే తగిలించి, తీసి చూశాకే డబ్బులివ్వండి. టామ్రాన్ 17-50 ఎఫ్ 2.8 నేను చాలాకాలం వాడాను. సగం పెళ్లిళ్లు దాంతోనే గట్టెక్కాయి.

అపోహ: సెకండ్ హ్యాండ్ అంటే మోసపోవడమే

తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లకి నేను మనస్ఫూర్తిగా చెప్పే దారి ఇదే. చూసి కొనడం తెలియాలి, అంతే.

బాడీలో ముందుగా అరిగేది షట్టర్, అంటే ప్రతి ఫొటోకీ తెరుచుకుని మూసుకునే తెర. చిన్న బాడీల్లో సుమారు లక్ష క్లిక్కుల వరకు, మధ్య రకంలో లక్షన్నర వరకు వస్తుందని లెక్క. దాటాక కూడా నడిచేవి ఉన్నాయి, ముందే పోయేవీ ఉన్నాయి. ఒక పెళ్లికి నేను మూడు వేల క్లిక్కులు కొడతాను. నలభై పెళ్లిళ్లు చేసిన బాడీ అంటే లక్షా ఇరవై వేలు. పైన గీత లేకుండా మెరుస్తున్నా సరే, దాని ఆయుష్షు చాలావరకు ఖర్చయిపోయినట్టే. ఇంట్లో పిల్లల పుట్టినరోజులకి మాత్రమే తీసిన కెమెరా రబ్బరు కాస్త ఊడినా మేలు. నికాన్‌లో మామూలు జేపీజీ ఫొటో ఫైలులోనే ఈ లెక్క రాసి ఉంటుంది, ఉచితంగా చూపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. కెనాన్‌లో చాలా మోడళ్లు ఫొటోలో రాయవు. వాటికి కేబుల్ పెట్టి విడిగా చూడాలి.

వెళ్లేటప్పుడు సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి. ఎపర్చర్ 16లో పెట్టి తెల్లగోడనో, ఆకాశాన్నో తీసి ఫొటోని పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము. దుమ్మయితే శుభ్రం చేయించుకోవచ్చు, గీతలైతే వదిలేయండి. పైన ఫ్లాష్ పెట్టే చోట ఫ్లాష్ వెలుగుతోందో లేదో చూడండి, చాలామంది ఇది మర్చిపోతారు. బిల్లు మీది సీరియల్ నంబరు, బాడీ అడుగున ఉన్నది ఒకటే కావాలి. బిల్లు లేదంటే, ధర ఎంత తగ్గించినా నేను కొనను. అది ఎవరి ఇంట్లోంచి పోయిన కెమెరానో మనకి తెలియదు.

లెన్స్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. కొత్తలో ఒకాయన దగ్గర 70-300 లెన్స్ కొన్నాను. షాపు ట్యూబ్‌లైటు కింద అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చి లైట్లు ఆర్పి, వెనకనుంచి ఫోన్ టార్చ్ కొట్టి, ముందునుంచి ఏటవాలుగా చూశాను. లోపలి అద్దం అంచున సాలీడు కాళ్లలా సన్నని తెల్లటి పోగులు. ఫంగస్. విప్పించి తుడిపించాను, పోగులు పోయాయి. కానీ అది అప్పటికే కోటింగ్‌ని తినేసింది. ఎదురుగా దీపం ఉంటే చాలు, ఫొటో మీద పలుచని పాలపొర పరిచినట్టు వచ్చేది. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. అప్పట్నుంచి టార్చ్ లేకుండా లెన్స్ చూడటానికి వెళ్లను, మీరూ వెళ్లొద్దు.

అపోహ: లెన్స్‌ని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే భద్రం

ఫంగస్‌కి కావలసినవి చీకటి, తేమ, కదలని గాలి. బీరువాలో ఆ మూడూ ఉంటాయి. మాలాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం వస్తే చెప్పక్కర్లేదు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ శాతం చూపించే చిన్న మీటరు. ఇంతే ఖర్చు. మీటరు 40 నుంచి 50 మధ్య ఉంటే నిశ్చింత. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి. బియ్యం తేమని లాగేది చాలా తక్కువ, తవుడు దుమ్ము మాత్రం జూమ్ రింగు సందుల్లోకి దూరుతుంది. సిలికా జెల్ రంగు మారాక సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. వంటకి వాడే మూకుడు మాత్రం దానికి వాడకండి.

ఉప్పాడ తీరంలో లెన్స్ మార్చడం కూడా ఇలాంటిదే. ఉప్పుగాలి, ఇసుక కెమెరా లోపలికి వెళ్తాయి. కారులో కూర్చుని మార్చుకోండి.

అపోహ: ఫ్లాష్ వాడితే ఫొటో సహజంగా ఉండదు

కెమెరా మీద పుట్టుకొచ్చే చిన్న ఫ్లాష్ సంగతైతే నిజమే, మొహం మీద టార్చ్ కొట్టినట్టుంటుంది. విడిగా కొనే, తల తిప్పుకునే ఫ్లాష్ వేరు. తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొడితే కిటికీ వెలుతురులా మెత్తగా దిగుతుంది. చేత్తో సెట్ చేసుకునే మాన్యువల్ ఫ్లాష్‌లు గోడాక్స్, యాంగ్నువో కంపెనీలవి తక్కువ ధరకే వస్తాయి. బాడీ మార్చేకన్నా దీనివల్ల ఫొటో ఎక్కువ మారుతుంది.

తలంబ్రాలు చూడండి. షట్టర్ 60లో (సెకనులో అరవయ్యో వంతు), ఫ్లాష్ లేకుండా తీస్తే బియ్యం గింజలు తెల్ల గీతల్లా సాగిపోతాయి. పవర్ తగ్గించి ఫ్లాష్ కొడితే ఆ మెరుపు సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపే ఉంటుంది. గింజ గింజా గాల్లో ఆగిపోతుంది, పసుపు అంటిన అంచుతో సహా. ఒక్క జాగ్రత్త: ఎర్ర షామియానా వైపు తిప్పి కొట్టకండి. మొహాలు కుంకుమ పూసినట్టు వస్తాయి, తర్వాత కంప్యూటర్‌లో సరిచేయడం పెద్ద తలనొప్పి.

అపోహ: స్టెబిలైజేషన్ ఉంటే ఫొటో కదలదు

మన చెయ్యి వణకడాన్నే అది ఆపుతుంది. పరిగెత్తే పిల్లాడిని ఆపదు. దానికి షట్టర్ 250 పైన ఉండాలి.

అపోహ: యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) తప్పనిసరి

ఫిల్ముకి అవసరం ఉండేది. డిజిటల్ సెన్సర్ ముందు యూవీ కిరణాల్ని ఆపే గాజు ముందే ఉంది. దెబ్బ తగలకుండా ఉండాలంటే లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటిది) పెట్టుకోండి. చవక ఫిల్టర్ పెడితే రాత్రి దీపాల ఫొటోల్లో ఆ దీపాల ప్రతిబింబాలే దెయ్యాల్లా వస్తాయి.

అపోహ: డీఎస్‌ఎల్‌ఆర్ పని అయిపోయింది, ఇప్పుడు కొంటే దండగ

2018లో కెనాన్ ఆర్, నికాన్ జెడ్ వరుసలు వచ్చాక కంపెనీల దృష్టి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) వైపే ఉంది. కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడళ్ల కోసం ఎదురుచూడకండి. వీడియోనే మీ ముఖ్యమైన పని అయితే ఇంకొంత కూడబెట్టి మిర్రర్‌లెస్సే కొనండి, అందులో నాకు సందేహం లేదు. ఫొటోల కోసమైతే, అందరూ అటు మారుతున్నందుకే మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు, లెన్సులు ఇప్పుడు మనకి అందే ధరలో దొరుకుతున్నాయి. నిన్న మంచి ఫొటో తీసిన కెమెరా ఇవాళ చెడ్డది తీయదు. లెన్సుల మీద పెట్టిన డబ్బు కూడా ఎక్కడికీ పోదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్ పెడితే ఆర్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ లెన్సులకీ అంతే. ఏఎఫ్-డిలు మాత్రం అక్కడా చేత్తోనే.

ఇక ఆ నలభై వేల కుర్రాడి సంగతి. చెల్లెలి ఓణీల ఫంక్షన్‌కి ఫొటోలు తనే తీయాలని కోరిక. వాడిన కెనాన్ 700డి, 18-55, కొత్త 50 ఎంఎం 1.8, ఒక మాన్యువల్ ఫ్లాష్ ఇప్పించాను. కొంత డబ్బు మిగిలింది. వెంటనే ఇంకో లెన్స్ కొంటానన్నాడు, వద్దన్నాను. మూడు నెలలు కిట్ లెన్స్‌తో తీసి, ఆ ఫొటోలన్నీ కంప్యూటర్‌లో వేసి, ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎన్ని తీశాడో చూడమన్నాను. ఎక్కువ 18లో ఉంటే వైడ్ లెన్స్ కావాలి, 55లోనే ఆగి ఇంకా దగ్గరికి వెళ్లలేకపోయాడంటే 55-250. ఏది కొనాలనిపించినా ముందు ఒకరోజు అద్దెకి తెచ్చుకుని వాడి చూడమన్నాను. ఇంకా నెల ఉంది, లెక్క వేసుకుని వస్తానన్నాడు.